పడకగదిలో బోరు

సమీవుల్లా మేస్త్రీకి ఓబుళేశు దగ్గర నుంచి ఫోన్ వచ్చిందంటే మేస్త్రీ ఇంట్లో అందరికీ తెలిసిపోతుంది. ఫోనెత్తి "అన్నా" అన్నాక ఆయన ఇంకేమీ మాట్లాడడు. వింటాడు. వింటూ వింటూ కుడికాలి బొటనవేలితో నేలను గీకుతాడు. గీకుడు ఎంత ఎక్కువైతే ఓబుళేశు ఇంట్లో అంత పెద్ద సామాను పగలబోతున్నట్టు లెక్క.

ఆ రోజు ఆయన బొటనవేలి గోరు సగం అరిగింది.

"ఏమంట?" అంది భార్య నన్నీ బీ, చాటలో బియ్యం మీద నుంచి తల ఎత్తకుండానే.

"ఏముండాది. భూమి బాగలేదంట."

"మొన్న మెట్లు బాగలేవన్యారు కదా."

"మెట్లు పోయినేడు. మొన్నటిది సంపు. ఇప్పుడు భూమి. ఇంగ మిగిలింది ఆకాశమొకటే. దానికి పరంజా కట్టమంటారు, చూడు."

"పోయి చూసి రాపో షిరీన్ అబ్బా" అంది, కూతురి పేరు కలిపి పిలుస్తూ. "ఈడ కూచోని నా నేల గీకితే ఏమొస్తాది?"

సమీవుల్లాది ఎర్రపాయపల్లె. జమ్మలమడుగు నుంచి గండికోట పోయే రోడ్డును సగంలో వదిలేసి, ఎడమ పక్క మట్టిరోడ్డు పట్టుకుంటే వస్తుంది. టూరిస్టులు ఎవరూ అటు తిరగరు, తిరిగినా దారి తప్పి తిరుగుతారు. ఇళ్ళూ కడతాడు గానీ ఆయన అసలు పని నేలకు కడప బండలు పరచడం. యాభై ఏళ్ళ మనిషి. అందులో ముప్ఫై ఏళ్ళు గొంతుకూర్చునే గడిపాడు కాబట్టి మోకాళ్ళు మాత్రం డెబ్బై దాటాయి.

ఓబుళేశు ఇల్లు ఆయన కట్టిందే. కట్టి పంతొమ్మిదేళ్ళు. మొదటి పదిహేనేళ్ళు ఇల్లు ఇల్లులాగా ఒకచోట ఉంది. నాలుగేళ్ళ కిందట దానికి కాళ్ళొచ్చాయి. మెట్లు ఒక మూల నుంచి ఇంకో మూలకు నడిచిపోయాయి. గేటు మూడడుగులు తూర్పుకు జరిగి, ఆరు నెలలు అక్కడ ఉండి, మనసు మార్చుకుని అడుగున్నర వెనక్కి వచ్చింది. వంటింట్లో పొయ్యి బండ మొహం తిప్పుకుంది. సంపును పూడ్చి ఇంకోచోట తవ్వారు. కొత్తదాంట్లోనూ పాతదాంట్లో ఉన్నన్ని నీళ్ళే ఉన్నాయి, అంటే లేవు. ఇవన్నీ చేసింది సమీవుల్లా చేతులే. తను పెట్టిన ఇటుకను తనే పగలగొట్టడం, పగలగొట్టిన దాన్ని పక్కనే మళ్ళీ పెట్టడం.

"పగలగొడితే కూలి, కడితే కూలి. రెండు పక్కలా నీకే కదప్పా, నీకేం బాధ?" అంటారు ఊళ్ళో వాళ్ళు.

"నీ బిడ్డకు నువ్వే గుండు కొట్టు, మళ్ళ నువ్వే జడెయ్యి అంటే ఎట్లుంటాదిరా?" అంటాడు ఆయన. వాళ్ళు నవ్వుతారు. ఆయన నవ్వడు.

అయినా ఇన్నాళ్ళూ ఓర్చుకున్నాడు. ఎందుకంటే పడకగది నేల జోలికి ఎవరూ రాలేదు.

ఆ గది సంగతి చెప్పుకోవాలి. పన్నెండు అడుగులకు పద్నాలుగు. మూడడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు బండలు ఇరవై ఎనిమిది. అన్నీ ఒకే గనిలో, ఒకే పొర నుంచి లేచినవి. నల్లటి నలుపు. వాటిలో సన్నటి బూడిదరంగు గీత ఒకటి ఒక బండ నుంచి పక్క బండలోకి, దాని నుంచి ఆ పైదానిలోకి, గది ఈ మూల నుంచి ఆ మూల దాకా తెగకుండా పోతుంది. ఆ గీత తెగకుండా ఉండాలని సమీవుల్లా గనిలో మూడు రోజులు కూర్చుని బండలకు సుద్దముక్కతో నంబర్లు వేసుకున్నాడు. సందుల్లో బ్లేడు దూరదు. కొబ్బరినూనె గుడ్డతో తుడిస్తే పైన తిరిగే ఫ్యాను కింద కూడా తిరుగుతుంది.

ఇప్పుడా గని లేదు. నీళ్ళు నిండి మూసేశారు. బోర్లలో రాని నీళ్ళు గనిలో ఎట్లా వచ్చాయో ఎవరికీ తెలియదు. ఆ మోకాళ్ళూ లేవు, ఆ కళ్ళూ లేవు. ఇప్పుడు ఎవరైనా పని ఇస్తామంటే సమీవుల్లా తన గురించి ఏమీ చెప్పుకోడు. "ఓబుళేశన్న పడకగది చూసి రాండి" అంటాడు. అడ్డం వస్తే ఓబుళేశు భార్య నాగలక్ష్మమ్మను మంచం మీద నుంచి లేపి మరీ చూపించేవాడు. చూపించి, "యాడన్నా తట్టప్పా. బోలు పలికితే నా తాపీ నీకిచ్చేస్తా" అనేవాడు.

బండ కింద సిమెంటు సరిగా పడకపోతే ఖాళీ మిగులుతుంది. దాన్నే బోలు అంటారు. పైన వేలి కణుపుతో తట్టితే డొల్లగా పలుకుతుంది. వచ్చినవాళ్ళు గది మధ్యలో తట్టేవాళ్ళు, కిటికీ కింద తట్టేవాళ్ళు. తలుపు దగ్గర మాత్రం ఎవరూ తట్టలేదు. అక్కడ ఎప్పుడూ సమీవుల్లానే నిలబడి ఉండేవాడు.

సరే, భూమి ఎందుకు బాగలేదంటే, నాగలక్ష్మమ్మకు నిద్ర లేదు.

నాలుగేళ్ళుగా లేదు. కునుకు పట్టే సమయానికి భూమి లోపల నుంచి ఎవరో తట్టినట్టు ఉలిక్కిపడి లేస్తుంది. రాత్రికి మూడుసార్లు, నాలుగుసార్లు. ప్రొద్దుటూరు డాక్టరు మాత్ర ఇచ్చాడు. మాత్ర వేసుకుంటే పగలంతా నిద్ర వచ్చేది, రాత్రి మళ్ళీ తట్టుడు. ఇంతకీ ఆమె మొగుడు ఓబుళేశుకు ఏ బాధా లేదు. సుగరు ఉంది గానీ దాని బాధ్యత ఆయన తీసుకోడు. రాత్రిపూట నాలుగుసార్లు దొడ్లోకి పోయి వచ్చి, పడుకున్న నిమిషానికి గురక పెడతాడు. ఆమెకు నిద్ర లేకపోవడం మొదలైన ఏడే ఆయనకు సుగరు వచ్చింది. కష్టాలన్నీ ఒక్కసారే వచ్చాయంటే ఇంట్లో ఏదో దోషం ఉన్నట్టే కదా. వాస్తు చూసేవాళ్ళు ఒకరి తర్వాత ఒకరు వచ్చారు, అలా ఇంటికి కాళ్ళొచ్చాయి.

ఈసారి వచ్చినాయన పేరు జయకుమార్. కర్నూలు మనిషి. భూమిలో నుంచి వచ్చే చెడు తరంగాల గురించి ఫోన్లో వీడియోలు పెడుతుంటాడు. నాగలక్ష్మమ్మ ఎలాగూ రాత్రంతా మేలుకునే ఉంటుంది కాబట్టి అవన్నీ చూసేసింది. ఫోన్ చేస్తే, "పిల్లలకు గండికోట చూపిద్దామని వస్తున్నామమ్మా, దార్లో మీ ఇల్లు కూడా చూసేస్తాను" అన్నాడు.

సమీవుల్లా పోయేసరికి ఆయన పని మొదలుపెట్టి ఉన్నాడు. ఆయన పిల్లలు వాకిట్లో గేదెతో సెల్ఫీలు దిగుతున్నారు. జయకుమార్ రెండు చేతుల్లో రెండు ఇనుప పుల్లలు పట్టుకుని, చెప్పులు విప్పి, గదిలో అడుగులో అడుగు వేసుకుంటూ నడుస్తున్నాడు. పాత టీవీ యాంటెన్నాను విరిచి చెరో ముక్కా పట్టుకున్నట్టు ఉంది. మంచం దగ్గరకు రాగానే పుల్లలు రెండూ దేనికది పక్కకు తిరిగిపోయాయి.

"చూశారా" అన్నాడు జయకుమార్. గొంతులో నిజంగానే దిగులు ఉంది.

సమీవుల్లాకు అదే చిరాకు. మనిషి మోసగాడైతే తిట్టి పంపించవచ్చు. ఈయన చూస్తే మంచివాడు. నాగలక్ష్మమ్మ కళ్ళ కింద నలుపు చూసి "అయ్యో, ఎట్లా పడుకుంటున్నారమ్మా దీని మీద" అని నొచ్చుకున్నాడు. ఇంటికి చుట్టమై వచ్చినవాడు కూడా అంత నొచ్చుకోడు.

"సార్, దేని మీద?" అన్నాడు సమీవుల్లా. "బండల మీదనా?"

"బండల కింద. రెండు జలధారలు అడ్డంగా దాటుకుంటున్నాయి, సరిగ్గా మంచం కింద. పారే నీళ్ళ నుంచి చెడు తరంగాలు లేస్తాయి. ఒకటైతేనే నిద్ర ఉండదు, రెండు కలిస్తే ఇంక చెప్పేదేముంది." జేబులో నుంచి సుద్దముక్క తీసి నేల మీద రెండు వెడల్పాటి చారలు గీశాడు. టేపు పెట్టి కొలిచి కాగితం మీద రాసుకున్నాడు. "ఈ తొమ్మిది బండలు తీసేసి, కింద తొమ్మిది రాగి కడ్డీలు పెట్టాలి. అప్పుడు తరంగాలు పైకి రావు."

సమీవుల్లా బొటనవేలు నేల మీదకు పోయింది. తన నేల అని గుర్తొచ్చి ఆగింది.

"ఈ బండలు తీస్తే పగులుతాయి సార్. ఇట్లాంటివి మళ్ళ దొరకవు."

"బండలదేముంది మేస్త్రీగారూ. మంచి టైల్స్ వేసుకోవచ్చు."

ఆ మాటకు సమీవుల్లా ఏమన్నాడో ఎవరూ వినలేదు. ఎందుకంటే అప్పటిదాకా తలుపుకు ఆనుకుని ఆవులిస్తున్న ఓబుళేశు నోరు మధ్యలో మూసి, రెండడుగులు ముందుకు వచ్చాడు.

"సార్, నీళ్ళు అన్యారు కదా. ఎంత లోతులో ఉండాయి?"

"రెండు వందల అడుగులు ఉండొచ్చు."

"ఎన్ని ఇంచులు?"

జయకుమార్ కాగితం చూసుకున్నాడు. "తొమ్మిది ఇంచులు."

ఓబుళేశు మంచం అంచు మీద కూర్చుండిపోయాడు.

ఇక్కడ ఒక మాట తెలియాలి. ఆ పల్లెల్లో బోరులో పడిన నీళ్ళను ఇంచుల్లో చెబుతారు. ఇంచు పడితే ఆవులకూ మనుషులకూ సరి. రెండించులు పడితే చీనీ, అదే బత్తాయి, తోట పెడతారు. మూడించులు పడితే మాట్లాడని దాయాదులు కూడా మాట్లాడతారు. తొమ్మిదించులు అన్న మాట ఆ ఊరి పుట్టుకలో ఎవరి నోట్లో నుంచీ రాలేదు. జయకుమార్ తను గీసిన చార వెడల్పు చెప్పాడు. ఓబుళేశు నది విన్నాడు.

ఆయన్ని తప్పు పట్టలేం. పొలంలో ఏడు బోర్లు వేశాడు. ఏడింట్లోనూ దుమ్మే లేచింది. నాలుగు వందల చీనీ చెట్లు కళ్ళముందే ఎండిపోతే కొట్టించి కట్టెలకు వేసినరోజు ఆయన అన్నం ముట్టలేదు. అలాంటి మనిషి మంచం మీద కూర్చుని, కింద నీళ్ళున్నాయని తెలిశాక కాళ్ళు కింద పెట్టడానికి మొహమాటపడినట్టు, రెండు పాదాలూ కొంచెం పైకి ఎత్తి పట్టుకున్నాడు.

జయకుమార్ కారు మట్టిరోడ్డు దాటకముందే మాట ఊరంతా పాకింది. సాయంత్రానికి పడకగదిలోకి చెప్పులు విప్పి ఒక్కొక్కరే వచ్చి, సుద్ద చారలు చూసి పోతున్నారు. తిరునాళ్ళలా ఉంది. పంతొమ్మిదేళ్ళలో బండలు చూడడానికి అంతమంది రాలేదు. ఇప్పుడు వచ్చినవాళ్ళు కూడా బండలను చూడడం లేదు, బండల కింద చూస్తున్నారు.

"మేస్త్రీ, రేపే మొదలుపెడ్దాం" అన్నాడు ఓబుళేశు. "ఈ గదిలోనే బోరేస్తాండా."

"నాకు నిద్ర లేదని సార్‌ను పిలిపిస్తే, నీకు బోరు పాయింటు చెప్పిపోయినాడా?" అంది నాగలక్ష్మమ్మ. "నాకు రాగి కడ్డీలు కావల్ల."

"నీళ్ళు పడినాక కడ్డీలేం ఖర్మ, నీకు కూలరు తెస్తా. కమ్మగా పండుకో."

"యాడ పండుకోవాల? బోరు మీదనా?"

మొగుడూ పెళ్ళాలలో ఎవరు గెలిచినా ఓడేది నేలే. కడ్డీలకైతే తొమ్మిది బండలు, బోరుకైతే అన్నీ. సమీవుల్లా తన బొటనవేలు తనే తొక్కుకుని నిలబడ్డాడు.

"అన్నా, బోరు బండి లోపలికి ఎట్ల వస్తాది?"

"వెనక గోడ తీద్దాం."

"బండి మీద గొట్టం నిలబడితే నాలుగాళ్ళెత్తు ఉంటాది. పైన స్లాబుండాది కదా."

"దానికి రొంత బొక్క పెడ్దాం."

"రొంత" అన్నాడు సమీవుల్లా.

"రొంతే లే, ఇంతంటే ఇంత."

గోడా స్లాబూ కూడా తను కట్టినవే. ఆ రాత్రి ఆయన అన్నం సగంలో వదిలేశాడు. పొద్దున్నే లేచి చద్దన్నం కూడా తినకుండా ఓబుళేశు ఇంటికి పోయాడు. దారి పొడుగునా ఒకటే ఆలోచన. గదిలో నీళ్ళు లేవని చెబితే ఓబుళేశు వినడు. ఉన్నాయనే చెప్పాలి.

"అన్నా, ఆ నీళ్ళు నీ మంచం కింద మడుగు కట్టినాయా, పారతాండాయా?"

"పారతాండాయనే కదప్పా సార్ చెప్పింది."

"పారేటివి గోడ కాడికొచ్చి ఆగుతాయా? గోడ దాటేదానికి వాటికేమన్నా ఆధార్ కార్డు కావల్లా? ఈ చార చూడు, సూటిగా పోతే యాడ తేలుతాది? గేదెను కట్టేసే తావ. ఏడడుగులు కూడా లేదు. ఆడ ఏస్తే గోడ మిగుల్తాది, స్లాబు మిగుల్తాది, నీళ్ళు నీకే."

ఓబుళేశు చారను చూశాడు, గోడను చూశాడు, కిటికీలో నుంచి గేదెను చూశాడు. "నీకు తెలివుండాది మేస్త్రీ" అన్నాడు.

గేదెను వేపచెట్టుకు మార్చి కట్టారు. బోరు బండి వచ్చింది. ఊరు ఊరంతా చుట్టూ నిలబడింది. కొందరు బిందెలు కూడా తెచ్చుకున్నారు. రెండు వందల అడుగులకు దుమ్ము. మూడు వందలకు దుమ్ము. నాలుగు వందలకు దుమ్ము రంగు మారితే అందరూ ఒక్కడుగు ముందుకు వచ్చారు. అదీ దుమ్మే, ఇంకొంచెం తెల్లది. ఆరు వందల నలభై దగ్గర ఓబుళేశు చెయ్యెత్తాడు. బండి ఆగాక ఎవరు ఎవరో తెలియలేదు. గేదె తెల్లగా ఉంది, దూడ దాన్ని గుర్తుపట్టలేక అరుస్తోంది. బిందెలు పట్టుకున్నవాళ్ళు వాటిని బోర్లించి దుమ్ము దులుపుకుని ఇళ్ళకు పోయారు.

ఓబుళేశు కళ్ళు తుడుచుకుని సమీవుల్లా వైపు తిరిగాడు.

"గోడవతలకు పొమ్మనింది నువ్వే కదప్పా. ఏడడుగులు తప్పినాం."

ఆరు వందల నలభై అడుగులు ఎండిపోయిన రాతిలో రంధ్రం పెట్టి చూసిన మనిషి, ఇంకా ఏడడుగుల పక్కన నది పారుతోందంటున్నాడు.

గండం గడిచింది జయకుమార్ వల్లే. ఓబుళేశు ఆయనకు ఫోన్ చేసి, స్పీకరు పెట్టాడు.

"బోరు వేశారా?" జయకుమార్ గొంతు బెదిరిపోయింది. "ఎవరు వేయమన్నారండీ? నీళ్ళు వెతికేది మా సబ్జెక్టు కాదు. నీళ్ళ వల్ల వచ్చే చెడు చూసేదే మా సబ్జెక్టు."

"చెడు ఉండాదంటే నీళ్ళుండాల్ల కదా సార్."

"అట్లా కాదండీ, అది వేరే."

"మరి తొమ్మిదించులు అన్యారు?"

"చార వెడల్పు అండీ అది. టేపుతో కొలిచాను కదా మీ ముందరే."

ఓబుళేశు ఫోన్ పెట్టేశాడు. కోపం కూడా తెచ్చుకోలేదు. వేపచెట్టు కిందకు పోయి, గేదె వీపు మీద దుమ్మును కండువాతో చాలాసేపు దులిపాడు. అది తెల్లబడిన చోటల్లా మళ్ళీ నల్లబడేదాకా దులిపాడు. సమీవుల్లా కూడా పోయి రెండోవైపు దులపసాగాడు.

నాగలక్ష్మమ్మ మాత్రం గడపలో నిలబడి, "నీ బోరు అయిపోయింది కదా. ఇంగ నా కడ్డీలు ఎప్పుడు?" అంది.

సమీవుల్లా ఇంటికి వచ్చి, చెయ్యనంటే చెయ్యనన్నాడు. ఎవరితోనైనా చేయించుకోమన్నాడు. తన చేత్తో పరిచిన బండను తన చేత్తో లేపనన్నాడు. నన్నీ బీ అంతా విని, మంచినీళ్ళు ఇచ్చి, నెమ్మదిగా అంది.

"నువ్వు చెయ్యకుంటే జమ్మలమడుగు నుంచి పిలగాండ్లను తెస్తారు. వాండ్లు మిషనీ పెడితే గంట. నీ బండలన్నీ పిండి పిండి. నువ్వైతే తొమ్మిదే పోతాయి."

ఆ మాట నిజం. నిజం కాబట్టే ఆయన బొటనవేలు మళ్ళీ నేల మీదకు పోయింది.

మర్నాడు పోయి ఒప్పుకున్నాడు. "బండలు పగలకుండా లేపేదానికి చూస్తా అక్కా. కానీ ఒక్క షరతు. పని అయ్యేదాకా గదిలోకి ఎవురూ రాగూడదు." జయకుమార్ కూడా కడ్డీలు పెట్టేటప్పుడు ఇంటివాళ్ళు దగ్గర ఉండకూడదని చెప్పాడు కాబట్టి ఆ షరతు శాస్త్రంలా కుదిరింది.

సమీవుల్లా నాలుగు సంచులు లోపలికి మోసుకుపోయాడు. ఒకదాంట్లో ఇసుక, ఒకదాంట్లో సిమెంటు. మిగతా రెండింట్లో ఏముందో ఎవరూ అడగలేదు. తన దొడ్లో ఎప్పటి నుంచో పడి ఉన్న పాత గచ్చు పెళ్ళలు. తలుపు వేసి, గొళ్ళెం పెట్టి, మంచం గోడకు జరిపి, ఒక సంచి పరిచి దాని మీద ఆ పెళ్ళలు పోసి, సుత్తి తీసుకుని వాటిని బాదడం మొదలుపెట్టాడు.

బయట వసారాలో నాగలక్ష్మమ్మ లెక్క పెడుతోంది. "రెండోది లేచింది." కాసేపటికి, "మూడోది లేచినట్లుండాది." ఓబుళేశు, "నిదానం మేస్త్రీ, నడుం జాగ్రత్త" అని తలుపు అవతల నుంచి అరిచాడు. సమీవుల్లాకు ఆ మాటకు సిగ్గేసింది. సిగ్గేసి ఇంకా గట్టిగా బాదాడు.

మధ్యమధ్యలో ఆయాసం తీర్చుకుంటూ అలవాటు కొద్దీ పక్కన ఉన్న బండల మీద వేలి కణుపుతో తట్టాడు. గట్టిగా పలికాయి. పంతొమ్మిదేళ్ళకు కూడా ఒక్కటి కదల్లేదు. సుద్ద చారల కింద తట్టాడు. గట్టిగానే ఉన్నాయి. మోకాళ్ళ మీద పాకుతూ ఒక్కొక్కటీ తట్టుకుంటూ, ఎవరో తన బిడ్డలను మెచ్చుకున్నంత సంతోషపడుతూ తలుపు దాకా వచ్చాడు. అక్కడ ఆగాడు. తెలిసి తెలిసి తట్టాడు.

డొక్.

అది ఇరవై ఎనిమిదో బండ. దాన్ని పరిచేరోజు కూడా ఆయన ఇలాగే ఒక్కడే ఉన్నాడు. కలిపిన సిమెంటు అయిపోయింది, ఇంకో తట్ట కలపాలి. అప్పుడే ఎవరో సైకిలు మీద వచ్చి, ప్రొద్దుటూరు ఆసుపత్రిలో నన్నీ బీకి కాన్పు అయింది, ఆడపిల్ల, అన్నారు. షిరీన్. సమీవుల్లా ఇసుక సర్ది, దాని మీద బండ పెట్టి, అంచుల్లో సిమెంటు నీళ్ళు పోసి పరుగెత్తాడు. రేపు లేపి సరిచేద్దాం అనుకున్నాడు. రేపటికి ఓబుళేశు గృహప్రవేశం పెట్టుకున్నాడు. ఆ తర్వాత ఊరంతా వచ్చి మెచ్చుకున్నారు. మెచ్చుకున్నాక లేపడం ఎవరికి మాత్రం చేతనవుతుంది.

కింద సిమెంటు లేదు కాబట్టి అది పట్టుకుని లేదు. ఉలితో అంచులు గీసి, గడ్డపార మొన ఆనించి ఎత్తితే డబ్బా మూతలాగా లేచింది. ఎక్కడా పెచ్చు కూడా లేవలేదు. కింద ఇసుక కుంగి, అన్నం పళ్ళెమంత గుంట. గుంటలో చీమలు, ఒక పెన్సిలు ముక్క. ఆ రోజు చెవిలో పెట్టుకున్న పెన్సిలే. అక్కడ ఎప్పుడు పడిందో తెలియదు.

సమీవుల్లా పెన్సిలు జేబులో వేసుకున్నాడు. నాగలక్ష్మమ్మ తెప్పించిన తొమ్మిది జానెడు రాగి కడ్డీలూ ఆ గుంటలో వరుసగా పేర్చాడు. పైన సిమెంటు నిండుగా వేసి, రసమట్టం పెట్టి, బండను కూర్చోబెట్టి, కర్రసుత్తితో నాలుగు మూలలా తట్టాడు. గీత గీతకు కలిసింది. పంతొమ్మిదేళ్ళ తర్వాత పని పూర్తయింది. ఆ మాట ఎవరికి చెప్పుకోవాలో తెలియక కాసేపు గోడకు ఆనుకుని కూర్చున్నాడు.

సాయంత్రం తలుపు తీసి, "రెండు దినాలు ఎవురూ తొక్కాకండి" అని చెప్పి, గచ్చు పెళ్ళల సంచులు బయటికి మోశాడు. మూడోనాడు గది తెరిచి చూసినవాళ్ళు నోళ్ళు తెరిచారు. తొమ్మిది బండలు లేపి మళ్ళీ పరిస్తే ఒక్క సందు కనబడలేదు. ఒక్క గీత తప్పలేదు. నలభై మంది వచ్చి చూశారు. సమీవుల్లా నేల చూపు చూస్తూ నిలబడ్డాడు. దాన్ని వినయం అనుకున్నారు.

పది రోజులకు జయకుమార్ కూడా వచ్చాడు. పుల్లలు పట్టుకుని మంచం చుట్టూ నడిచాడు. పుల్లలు కదల్లేదు. "జీరో" అన్నాడు, కళ్ళలో నీళ్ళు తిరుగుతుంటే. మేస్త్రీ చెయ్యి పట్టుకుని ఊపుతూ వీడియో తీయించి, దానికి పాట పెట్టి, ఫోన్లలోకి వదిలాడు.

అక్కడి నుంచి సమీవుల్లాకు ఊపిరాడలేదు. ప్రొద్దుటూరు నుంచి ఫోన్. కర్నూలు నుంచి రెండు. ఒంటిమిట్ట దగ్గర ఎవరో ఇరవై బండలు లేపాలట, పగలకూడదట. "నువ్వు లేపే మేస్త్రీవే కదన్నా?" అని అడుగుతారు. ముప్ఫై ఏళ్ళు పరిచిన మనిషిని లేపే మేస్త్రీ అంటారు. ఏ ఒక్కరూ పరచమని అడగరు. పోనని చెబితే, పెద్దవాడయ్యాడు, గిరాకీ చేస్తున్నాడు అంటారు. ఆయన ఇంటి నేల మీద బొటనవేలి చార ఒకటి శాశ్వతంగా పడిపోయింది.

ఒకరోజు తట్టుకోలేక ఓబుళేశు ఇంటికి పోయాడు. ఎందుకు పోయాడో ఆయనకే తెలియదు. నాగలక్ష్మమ్మ కూర్చోబెట్టి మజ్జిగ ఇచ్చింది. మొహం తేటగా ఉంది. కళ్ళ కింద నలుపు పోయింది.

"నువ్వు సల్లగుండాల మేస్త్రీ. పండుకుంటే తెల్లారేదాకా మెలకువ రాదు. నాలుగేండ్లు సచ్చిపోతి ఆ తట్టుడుకు. కడ్డీలు పెట్టినప్పటి సంది తట్టుడే లేదు."

"తట్టుడంటే ఎట్లుంటాదక్కా?"

"డొక్కుమని. ఈ తలుపు కాడి నుంచే వచ్చేది. సార్‌కు అదే చెప్తే, కాదమ్మా, మంచం కింది నుంచే అన్యాడు. శదువుకున్నోళ్ళు, వాళ్ళకు తెలుస్తాది."

సమీవుల్లా తలుపు వైపు తిరిగాడు. "ఓబుళేశన్న రేత్రి పూట లేస్తాడా ఇంగా?"

"నాలుగుసార్లు. సుగరు యాడికి పోతాది? పోతాడు, వస్తాడు. ఇప్పుడు నాకు తెలిసేదే లేదు."

సుగరు వచ్చి నాలుగేళ్ళు. రాత్రికి నాలుగుసార్లు ఓబుళేశు గడప దాటేటప్పుడు ఆయన పాదం పడేది ఆ ఇరవై ఎనిమిదో బండ మీదే. పోయేటప్పుడు ఒక డొక్, వచ్చేటప్పుడు ఒక డొక్. దాని కోసం మెట్లు నడిచాయి, గేటు జరిగింది, సంపు మారింది, ఆరు వందల నలభై అడుగుల దుమ్ము లేచింది. ఇన్నాళ్ళూ సమీవుల్లా వాళ్ళనూ వీళ్ళనూ తిట్టుకున్నాడు. ఆమె మొదటి నుంచీ చెప్పింది చెప్పినట్టే నిజం. భూమిలో నుంచే వచ్చింది. ఆ తట్టుడును అక్కడ పెట్టింది తనే.

ఆయన గ్లాసు కింద పెట్టాడు. "అక్కా, నీకొక మాట చెప్తా. కోప్పడాకు. తట్టుడు కడ్డీల వల్ల పోలేదు, తరంగాలూ లేవు. తలుపు కాడి బండ బోలు. నేనే సరిగా పర్చలేదు. షిరీన్ పుట్టిన దినం ఉరుకులాటలో ఇసక మీద పెట్టి పోయినా. అన్న తొక్కినప్పుడల్లా అదే పలికింది. మొన్న దాన్నొకదాన్నే లేపి సరిజేసినా. తొమ్మిదీ లేపలేదు."

నాగలక్ష్మమ్మ ఆయన్ని జాలిగా చూసింది. లోపల గదిలోకి తిరిగి, "ఏమప్పా, ఇన్యావా? సమీవుల్లా బండల్లో బోలంట" అంది.

లోపల నుంచి ఓబుళేశు నవ్వు వినిపించింది. "పొగిడి పొగిడి దిష్టి తగిలింది మనిషికి. అందుకే తప్పు మీదేసుకుంటాండాడు. ఇరవై ఏండ్లు ఊరంతా తట్టి చూసిన బండలు కదప్పా అవి."

"నిజంగా బోలేనన్నా. చూపిస్తా రా."

సమీవుల్లా లేచి తలుపు దగ్గరకు పోయాడు. ఇరవై ఎనిమిదో బండ మీద వేలి కణుపుతో తట్టాడు. తర్వాత మడమతో కొట్టాడు. తర్వాత మోకాళ్ళు ఒప్పుకోకపోయినా రెండు కాళ్ళూ ఎత్తి ఒక్కసారి దూకాడు. మొన్న తనే సిమెంటు నింపిన బండ పలకలేదు.

"చూడు" అంది నాగలక్ష్మమ్మ మొగుడితో. "ఎంత గట్టిగా ఉండాదో."